సాగనంపినా వెళ్లనిదాన్ని

నేను ఒక వైరస్‌ను, మీరు ఆటలమ్మ అని పిలిచేదాన్ని. నాకు ప్రాణముందో లేదో చదువుకున్నవాళ్లే ఇంకా తేల్చలేదు కాబట్టి, వస్తువుల వరుసలో కూర్చుని నా కథ చెప్పుకుంటున్నాను.

ఉప్పాడలో జాందానీ చీరలు నేసే ఇంట్లో, తొమ్మిదేళ్ల వరహాలుకు వాళ్లన్న దగ్గుతో పాటు అంటుకున్నాను. ఒళ్లంతా పొక్కులు లేపాను. మనుషుల మర్యాద చూడండి, జ్వరం తెచ్చినదాన్ని పట్టుకుని అమ్మవారన్నారు! వేపమండలు పరిచారు, పెరుగన్నం పెట్టారు. పదకొండో రోజున పిల్లకు వేపాకు, పసుపు కలిపిన నీళ్లు పోసి, "చల్లగా వెళ్లిరా తల్లీ" అని వాళ్లమ్మ దణ్ణం పెట్టి నన్ను సాగనంపింది.

నేను వెళ్లలేదు. పిల్ల ముఖానికి పోయే నరం మొదట్లో నక్కి పడుకున్నాను.

దాదాపు యాభై ఏళ్లు అక్కడే ఉన్నాను. వరహాలు వరహాలమ్మ అయింది. వెంట్రుకంత జరీ పోగును ఏరి, వేలితో తిప్పి చీర మీద పువ్వు తేల్చేది. ఊళ్లో ఆమె చూపుకు పేరుండేది. నేను కదిలినప్పుడల్లా ఆమె ఒంట్లోని కాపలా కణాలు లేచి నన్ను అదిమేవి. అలా కాసీ కాసీ అవి తొందరగా ముసలివవుతాయేమో, కొన్ని మొండి రోగాలకు నాలా దాగినవే కారణమేమో అని డాక్టర్లు అనుమానపడుతున్నారు. అదంతా నాకు తెలియదు. అవి నీరసించాయని మాత్రం ఆమె యాభై ఎనిమిదో ఏట తెలిసింది. లేచాను.

నుదుటికి ఒక పక్కన, కనురెప్ప దాకా నిప్పులాంటి పొక్కులు. కూతురు సత్యవేణి ఆసుపత్రికి పదమంది.

"ఇది సర్పే. పాములా చుట్టుకుంటాది, తలా తోకా కలవకుండా జేగురు పూస్తే అణిగిపోద్ది. సూది పొడిపిస్తే పొంగుద్ది వదినా," అంది ఆడపడుచు నూకాలమ్మ.

ఎర్రమట్టి పూసి అయిదు రోజులు కూర్చోబెట్టారు. నన్ను పట్టుకోవడానికి మూడు రోజులే గడువని అరిచి చెబుదును, నోరు లేకపోయింది. మట్టి కింద నేను కంట్లోకి పాకాను.

"మూడు రోజుల్లోపు రావాల్సిందమ్మా," అన్నాడు డాక్టరు. "చిన్నప్పుడు అమ్మవారు పోసిందా?"

"పోసిందండీ. ఏ లోటూ చెయ్యకుండా ఎల్లిపోయింది తల్లి," అని ఆమె చేతులు జోడించింది.

నాకు సిగ్గేసింది.

ఇప్పుడు ఆ కంటికి తెల్లటి మసక తప్ప ఏమీ కనబడదు. మగ్గం మీద సత్యవేణి కూర్చుంటుంది, వరహాలమ్మ పక్కన కండెలకు నూలు చుడుతుంది. నేను మళ్లీ ఆ నరంలోనే పడుకున్నాను. ప్రతి శుక్రవారం ఆమె వేపచెట్టు మొదట్లో చెంబెడు నీళ్లు పోసి, "అమ్మా, నా చూపు నాకిప్పించు" అని మొక్కుకుంటుంది.

మొక్కేది నాకే. తీసుకోవడమే తప్ప ఇవ్వడం నాకు చేతకాదు.