అందరికీ అందినాక

నవోమమ్మ రొట్టె కాల్చిందంటే ఆ ఆదివారం ప్రభువు బల్ల, అంటే సంఘమంతా క్రీస్తు పేర రొట్టే ద్రాక్షరసమూ పుచ్చుకోవడం, ఉన్నట్టే. అల్లూరు దాపున ఉన్న ఆ పల్లె బాప్టిస్టు గుడికి పాస్టర్లు వస్తూ పోతూ ఉన్నారు గానీ రొట్టె మాత్రం ఆమెదే. పులియని పిండి తానే పిసికేది. ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, పలచటి గుడ్డలో వడకట్టి రసం తానే తీసేది. ఆ పనిలో ఇంకొకరిని వేలు పెట్టనిచ్చేది కాదు. పులిసిన ద్రాక్షారసం పెట్టే సంఘాలున్నాయని ఎవరైనా అంటే చెవులు మూసుకునేది.

అలాంటి ఇంటికి లూథరన్ పిల్ల కోడలై వచ్చింది. కొడుకు క్రీస్తురాజు సూళ్లూరుపేట వైపు బడిపంతులుగా ఉన్న రోజుల్లో అక్కడి లూథరన్ పాస్టరు జ్ఞానప్రకాశం కూతురు ఎలిశబెతును చూసి, చేసుకుంటే ఆ అమ్మాయినే అని మొండికేశాడు. పిల్ల బంగారం. వంటకు గానీ పాటకు గానీ వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా ఒక్కటే. లూథరన్లు పసిబిడ్డ తల మీద నీళ్లు పోసి బాప్తిస్మం అంటారు. బాప్టిస్టులకేమో బుద్ధి తెలిశాక నిలువునా నీళ్లలో మునిగితేనే బాప్తిస్మం. మునగనివాళ్లకు బల్ల లేదు. నెలకోసారి బల్లకు ముందు పాస్టరు సంజీవరావు గొంతు సవరించుకోగానే పిల్లలూ కొత్తవాళ్లూ లేచి బయటికి పోవాలి. వాళ్లతోపాటు ఎలిశబెతూ పోయేది.

నవోమమ్మకు తల కొట్టేసినట్టుండేది. తన చేతి రొట్టె సంఘమంతా తింటోంది, ఇంటి కోడలికి మాత్రం లేదు. కాలవలో నీళ్లున్నప్పుడే మునిగెయ్యమని కోడల్ని మొదట బతిమాలింది, తర్వాత సణిగింది, ఆపైన మూతి ముడుచుకుంది.

"మునగడానికి నాకేం భయం లేదత్తా," అంది ఎలిశబెతు ఒకనాడు. "మునిగితే, మా నాయన నన్నెత్తుకోని ఇచ్చిన బాప్తిస్మం ఉత్తదని నేనే ఒప్పుకున్నట్టు గదా."

బల్ల జరిగినంతసేపూ ఎలిశబెతు బయట పిల్లలకు పాటలు నేర్పుతూ కూర్చునేది. ఆ పాటల కోసం పిల్లలు బల్ల ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్లు. చూసేవాళ్లకు అంతా సరదాగానే కనిపించేది. బల్ల రోజు మధ్యాహ్నం ఆ పిల్లకు ముద్ద సరిగా దిగేది కాదని మాత్రం అత్తగారు ఒక్కదానికే తెలుసు.

చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, కోత పండగకు రమ్మని వియ్యంకుడు కబురు పెట్టాడు. కోడల్ని వెంటబెట్టుకుని నవోమమ్మ రైలెక్కింది. ఆ గుడిలో కొవ్వొత్తులు చూసి మొహం చిట్లించింది గానీ, పాటలన్నీ తెలిసినవే కావడంతో అందరికన్నా గట్టిగా పాడింది. సంస్కారం వేళ, బల్లను వాళ్లనే మాట అది, ఆడవాళ్లంతా లేచి ముందుకు కదిలారు. వెనక్కి తగ్గితే వియ్యంకుడి పరువు పోతుందనుకుని ఆమె కూడా కదిలింది. బల్ల ముందు అందరూ మోకరించి నోళ్లు తెరిచారు. ఈమె చెయ్యి చాచింది. జ్ఞానప్రకాశం ఒక్క క్షణం ఆగి, పలచటి అప్పాన్ని ఆ చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయింది. వాళ్ల గుడిలో పద్ధతి అది మరి. రొట్టె చేతిలో ఉంచుకుని, ఆఖరి మనిషికి అందినాక అందరూ ఒక్కసారిగా తినాలి. ఇక్కడేమో ఎవరికి వాళ్లు మింగి లేచిపోతున్నారు. ఒక వరుస పోయింది, ఇంకో వరుస వచ్చింది, ఈమె కదలదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎలిశబెతు చెవిలో ఏదో చెప్పబోతే, అందరికీ అందనీ ఉండమని కసిరింది. ఆఖరి వరుస కూడా అయ్యాక జ్ఞానప్రకాశం తానూ ఒక అప్పం తీసుకుని, ఆమెకెదురుగా మోకరించి, ఇక తిందామన్నట్టు తలూపాడు. ఇద్దరూ తిన్నారు. వెనకే గిన్నె వచ్చింది. అందులోది పులిసిన ద్రాక్షారసమని నాలిక్కి తగిలాక గానీ ఆమెకు తెలియలేదు. కళ్లు మూసుకుని మింగేసింది.

భోజనాల దగ్గర అందరూ ఆ ముచ్చటే చెప్పుకున్నారు. నవోమమ్మా పడీపడీ నవ్వింది. నవ్వడం అయ్యాక వియ్యంకుణ్ణి పక్కకు పిలిచి, పై పెద్దల ఉత్తరువు లేకుండా వేరే సంఘం మనిషైన తనకెట్లా ఇచ్చినావన్నా అని అడిగింది.

"అడిగితే వద్దంటారని అడగలా," అన్నాడాయన. "చాచిన చెయ్యిని ఎట్లా తియ్యమంటానమ్మా?"

తిరుగు రైల్లో ఆమెకు కిటికీ పక్కన నిద్రపోతున్న కోడలి మొహం చూస్తుంటే సిగ్గేసింది. ఈ పిల్లకు చెయ్యి చాచే సందు కూడా ఇవ్వకుండా నెలనెలా బయటికి పంపుతున్నామే అనుకుంది.

మళ్లీ బల్ల వచ్చింది. సంజీవరావు గొంతు సవరించుకున్నాడు, ఎలిశబెతు లేచి వెళ్లింది. పళ్లెం తిరిగింది. అందరికీ అందిందా అని పాస్టరు అలవాటుగా అడిగాడు. నవోమమ్మ లేచి నిలబడింది.

"మా కోడలికి అందలేదయ్యా."

సంఘ పెద్ద మాలకొండయ్య ఓపిగ్గా రూలు చెప్పాడు. ఆమె ఓపిగ్గా వింది.

"ఆ రూలు నాకు తెలుసన్నా. అందరికీ అందకుండా తినగూడదనేది కూడా మన రూలే గదా. నేను తినను."

ఆమె తినకపోతే ఎవరూ తినడానికి లేదు. రొట్టె ముక్కలు పట్టుకుని సంఘమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంజీవరావుకు చెమటలు పట్టాయి. చివరికి, మనకు పైన పెత్తనం చేసేవాళ్లెవరూ లేరు, సంఘమే చేతులెత్తి చెప్పాలి అన్నాడు. ముందు ఆడవాళ్ల చేతులు లేచాయి, రొట్టె ముక్కలతో సహా. తర్వాత మగవాళ్లవి. మాలకొండయ్య పెళ్లాం చెయ్యి వంక చూసి, తనదీ సగం దాకా ఎత్తాడు. అది చాలన్నారు.

ఎలిశబెతును పిలుచుకొచ్చారు. ఆ పిల్ల కళ్లనీళ్లతో వచ్చి, పుట్టింటి అలవాటున, బల్ల ముందు మోకరించి నోరు తెరిచింది. ఎవరి నోట్లోనూ ఎన్నడూ పెట్టి ఎరగని సంజీవరావు పళ్లెం పట్టుకుని బిక్కమొహం వేశాడు. నవోమమ్మ విసవిసా ముందుకొచ్చింది. తన ముక్కను రెండుగా తుంచి, సగం కోడలి నోట్లో పెట్టింది. ఆడమనిషి అలా పెట్టొచ్చునని ఇక్కడి రూల్లోనూ లేదు, అక్కడి రూల్లోనూ లేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"ఇంక తిందాం," అంది నవోమమ్మ సంఘం వైపు తిరిగి.