గేటు అవతల

ఆసుపత్రిలో అందరూ గేటు కాపలాదారుని తాళంకప్ప అనేవారు. రోగుల్ని చూసే వేళ దాటాక ఎవరొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా గేటు తెరిచేవాడు కాదు. మనిషి చెడ్డవాడేం కాదు. ఒకరిని వదిలితే పదిమంది ఎగబడతారని అతని భయం.

ఆ ఏడు సిబ్బంది వార్షికోత్సవానికి పిల్లల వార్డు నర్సు ఒక నాటిక రాసింది. కొడుకుని లోపల చేర్పించి గేటు బయట ఎదురుచూసే ముసలమ్మ కథ. తీరా ఆ వేషం వేయాల్సిన ఆవిడకి గొంతు పట్టేసింది.

"బాబాయ్, మీరే వెయ్యాలి," అంది నర్సు.

"ఈ మీసాలతో ముసలమ్మనా!"

"శాలువా కప్పితే మీసం ఎవరిక్కనపడుతుంది? చిన్నప్పుడు నాటకాలంటే పడిచచ్చేవారట కదా, పిన్ని చెప్పింది."

దాంతో మెత్తబడ్డాడు.

రిహార్సల్ క్యాంటీన్లో. కాపలావాడి వేషం కాంపౌండరుది. తలుపునే గేటనుకుని అతను గర్జించాడు. "టైమైపోయింది. రూలు రూలే. వెళ్ళమ్మా, వెళ్ళు!"

అందరూ గొల్లుమన్నారు. తాళంకప్ప మొహం కందగడ్డయింది. "ఇవి నా మాటలు కదూ, అమ్మాయ్?"

"మీవే. అంతకంటే బాగా రాయడం నాకు చేతకాలేదు బాబాయ్."

తాళంకప్ప ఉక్రోషం దిగమింగుకుని, ముసలమ్మ డైలాగు అందుకుని, "వాడు తిన్నాడో లేదో కనుక్కో నాయనా, చాలు!" అని రాజుగారి ఆజ్ఞలా అరిచాడు.

"ఇంత అరిస్తే ఆవిడ కొడుకు మంచం దిగి పరిగెత్తుకొస్తాడు," అంది నర్సు. "పొద్దుట్నుంచీ నిలబడి ఉన్న మనిషి బాబాయ్. కాసేపలా బయట నిలబడండి. తర్వాత చెబుదురుగాని."

తలుపు మూశారు. తాళంకప్ప ముసలమ్మ తెచ్చే అన్నం కారియరు పట్టుకుని వరండాలో నిలబడ్డాడు. లోపల కప్పుల చప్పుడు, నవ్వులు. ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. చెయ్యి మార్చుకున్నాడు. మోకాళ్ళు లాగాయి. నాటకమేనని తెలిసినా, తనని మరిచిపోయారేమోనని మనసు చివుక్కుమంది.

తలుపు తెరిచేసరికి డైలాగు కాస్తా ఎగిరిపోయింది.

"నేనెక్కడ కూర్చోవాలమ్మా?" అన్నాడు.

"మన గేటు బయట కూర్చోడానికి ఏముంది బాబాయ్?"

అతను ముసలమ్మ మాటని మెల్లగా, బతిమాలుతున్నట్టు పలికాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాంపౌండరు తన తర్వాతి మాట మరిచిపోయాడు.

నాటికకి చప్పట్లు బాగానే పడ్డాయి. మర్నాడు తాళంకప్ప తన కుర్చీని గేటు బయట వేశాడు. వేళ దాటి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, కాంపౌండర్ని కాసేపు గేటు దగ్గర ఉంచి, తనే వార్డులకి వెళ్ళి కబురు తెచ్చేవాడు. విషయం సూపరింటెండెంటు దాకా వెళ్ళింది.

"రూలు తప్పలేదండీ," అన్నాడు తాళంకప్ప. "ఒక్కర్ని కూడా లోపలికి వదల్లేదు. ఓ సాయంత్రం తమరే వచ్చి గేటు అవతల నిలబడి చూడండి."

ఆయన వచ్చి నిలబడ్డారో లేదో ఎవరూ చూడలేదు గానీ, ఆ నెలలోనే అక్కడికి రెండు బెంచీలొచ్చాయి. కబుర్లు మోయడానికి ఆయాలకి వంతులు వేశారు. వాళ్ళకి తీరిక లేనప్పుడు తాళంకప్పే వెళ్ళేవాడు.

ఓ సాయంత్రం అలాగే వెళ్ళొచ్చి, బెంచీ మీదున్న ఇల్లాలితో అన్నాడు. "మీ ఆయన పాలు తాగాడు తల్లీ. కానీ చక్కెర తక్కువైందని నర్సు మీద చిర్రుబుర్రులాడాడు."

భర్తకి ఆపరేషనయిన దగ్గర్నుంచీ బిక్కుబిక్కుమంటున్న ఆ మనిషి ఒక్కసారిగా నవ్వేసింది.

"చిర్రుబుర్రులాడాడా! అయితే కోలుకుంటున్నట్టే అన్నయ్యా!"