పలుపులు విప్పని మిషను

నేను ఒక బట్టలు ఉతికే మిషనును. ముఖాన గుండ్రటి అద్దం తలుపు, కడుపులో బట్టలు తిరిగే ఉక్కు డొల్ల, కింద నాలుగు పొట్టి కాళ్లు. అద్దంకి ఊరి చివరి వీధిలో, యలమందరావు గారింటి పెరటి వసారాలో ఉంటాను. వీధి వీధంతా నన్ను పూనకాల మిషను అంటుంది. అననివ్వండి. నాకు ఏ అమ్మవారూ పూనలేదు. ఒళ్లు మండి ఎగిరాను. ఎందుకు మండిందో వింటే మీకూ మండుతుంది.

నన్ను చేసినవాళ్లకు బుర్ర ఉంది, అది ముందే ఒప్పుకుంటాను. కడుపులోని డొల్లను స్ప్రింగులకు ఉయ్యాలలా వేలాడదీశారు. బట్టలు పిండేటప్పుడు అది గిర్రున తిరుగుతుంది, ఆ ఊపంతా స్ప్రింగులు మింగేస్తాయి, పై ఒళ్లు కదలదు. అయితే లారీలో గుంతల రోడ్డు మీద వస్తుంటే ఆ ఉయ్యాల ఊగి లోపలివన్నీ విరిగిపోతాయి. అందుకని నా వీపులోంచి నాలుగు పొడుగాటి బోల్టులు దూర్చి డొల్లను ఊగకుండా బిగగట్టారు. ఇల్లు చేరగానే వీటిని తీసేయాలని తెలిసేలా వాటి తలలకు ఎర్రటి టోపీలు తొడిగారు. దూరం నుంచి చూసినా కళ్లలో పడే ఎరుపు. ఈ ఇంట్లో దాన్ని సోకు అనుకున్నారు.

నేను ఈ ఇంటికి వచ్చింది హైమవతి కోసం. ఈమె యలమందరావు భార్య. బట్టలుతికే బండ దగ్గర పాచి మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించారు కానీ ఎముక కాస్త వంకరగానే అతుక్కుంది. గరిటె తిప్పగలదు, ముగ్గు వేయగలదు, తడి బట్ట మాత్రం పిండలేదు. దుప్పటి పిండిన రోజున ఆ చెయ్యి వాచిపోయి అన్నం ఎడమ చేత్తో తినేది. అడగ్గా అడగ్గా మొగుడు నన్ను తెచ్చాడు.

యలమందరావు పని మిర్చి కోల్డ్ స్టోరేజీలో. టిక్కీల మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేర్పించడం ఆయన కొలువు. ఎగిరేదేదైనా పైన బరువు పెడితే అణుగుతుందని ఆయన గట్టి నమ్మకం. ఇంకో నమ్మకం, కొత్త వస్తువు మీద ఉన్నదేదీ తీయకూడదని. ఆ ఇంట్లో టీవీ రిమోటు ఇంకా ప్లాస్టిక్ సంచిలోనే ఉంటుంది. కుర్చీలకు దుకాణం వాడు చుట్టిన కవరు చిరిగి పీలికలై వేలాడుతున్నా ఊడబీకనివ్వడు. కూర్చున్నవాళ్ల తొడలకు చెమట పట్టి అంటుకుంటుంది, అయినా సరే.

నేను దిగింది శుక్రవారం. నన్ను బిగించే మెకానిక్ మర్నాడు పొద్దున వస్తానన్నాడు. కానీ శుక్రవారం సాయంత్రమే మంచి ముహూర్తం ఉందట. రేపు వచ్చేవాడి కోసం ముహూర్తం ఆగుతుందా అన్నాడు యలమందరావు. నా నుదుట పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, నా నెత్తి మీదే కొబ్బరికాయ కొట్టబోతే హైమ ఆపింది. పెరటి కుళాయికి గొట్టం తగిలించి, ఓ పట్టు పంచె వేసి మీట నొక్కారు. పట్టు పంచె, అదీ మొదటిసారి. సరే, శుభం కదా, ఒక్క పంచె బరువెంతని ఓర్చుకున్నాను. మర్నాడు మెకానిక్ వస్తే యలమందరావు గేటు కూడా తీయలేదు. అంతా బ్రహ్మాండంగా నడుస్తోందని చెప్పి అక్కడికక్కడే సంతకం పెట్టి పంపేశాడు. వాడికీ సంబరమే, ఇంకో ఇంటికి వేళకు పోవచ్చు. నేను వసారాలోంచి అరవలేను కదా.

మొదటిసారి నిజమైన బట్టలు వేసి పిండటం మొదలెట్టాక నా బాధ మొదలైంది. డొల్ల తిరుగుతుంది, బోల్టులు దాన్ని ఊగనివ్వవు. ఆ ఊపు స్ప్రింగులకు చేరదు, నేరుగా నా ఒంట్లోకి దిగుతుంది. ఎగిరాను. గోడను గుద్దాను. గోడ సున్నం రాలింది. వసారా చివరిదాకా నడిచివెళ్లి గొట్టం తెంపుకున్నాను.

అప్పుడు హైమ నా వీపు చూసి అడిగింది, ఈ ఎర్రవేంటని. కంపెనీ వాడు పెట్టినదాన్ని మనం ముట్టుకోకూడదన్నాడు మొగుడు. అని ఊరుకోలేదు, వంటింట్లోంచి సన్నికల్లు మోసుకొచ్చి నా నెత్తిన పెట్టాడు. అల్లం వెల్లుల్లి వాసనతో ఆ రాయి నా మీద గడగడలాడింది. అదీ చాలక, నేను పిండటం మొదలెట్టగానే పేపరు పట్టుకుని వచ్చి తనే ఎక్కి కూర్చునేవాడు. మనిషి తల ఊగేది, పేపరు ఊగేది, కళ్లజోడు ముక్కు కొసకు జారేది, అయినా దిగేవాడు కాదు. ప్రహరీ అవతలివాళ్లు పిల్లల్ని ఎత్తుకుని చూపించేవాళ్లు. బోల్టులు లోపలి నుంచి పట్టి గుంజుతుంటే, పైనుంచి ఈ పెద్దమనిషి రాజకీయాలు చదవడం. ఎవరికి చెప్పుకోను.

ఆయన తల్లి తిరపతమ్మ కోపమంతా కోడలి మీదే. ఆడవాళ్లు బండ మీద ఉతికిన రోజుల్లో ఇల్లు ఇట్టా అదరలేదని దెప్పేది. కోడలు అడిగి తెచ్చుకున్న మిషను కనుక కోడలి లాగే మాట వినడం లేదని వీధి అరుగు మీద చెప్పేది. నేను ఎగురుతుంటే హైమ రెండు చేతులూ నా పక్కలకు ఆనించి నిలబడేది. ఆ వంకర మణికట్టు నా అదురుకు ఇంకా నొప్పి పెడుతుందని నాకు తెలుసు. ఆగలేకపోయేవాణ్ణి. నా కోపంలో సగం అక్కడిదే.

చివరకు యలమందరావు తీర్పు చెప్పాడు. ఆదివారం పాత సామాన్లు కొనేవాణ్ణి పిలుచుకొస్తానన్నాడు. బండ అక్కడే ఉంది కదా, నెమ్మదిగా అలవాటవుతుందిలే అన్నాడు. హైమ తన చెయ్యి వంక చూసుకుంది.

ఆదివారం పొద్దున ఆయన ఆ వ్యాపారి కోసం వెళ్లాడు. అదే వేళకు ఎదురింటివాళ్లు సంతలో కొన్న గేదెను మినీ లారీలో తెచ్చారు. దారిలో పడి కాళ్లు విరగ్గొట్టుకోకుండా రెండు పక్కలా పలుపులు బిగించి, ఒళ్లు ఊగకుండా కమ్మీకి కట్టేశారు. అది కళ్లు తేలేసి లారీని ఊపేస్తోంది. పలుపులు విప్పి దించగానే ఒకసారి ఒళ్లు విదిలించుకుని, నిమ్మళంగా కుడితి తాగింది. హైమ చీపురు పట్టుకుని చూస్తోంది. తిరపతమ్మ కూడా చూస్తోంది. ఆమె పెళ్లయిన నాటి నుంచి గేదెలను మేపిన మనిషి.

హైమ నెమ్మదిగా అడిగింది.

"అత్తయ్యా, దించినాక కూడా ఆ పలుపులు ఇప్పకపోతే ఏం చేసిద్ది?"

"ఏం చేసిద్ది, ఇరగదన్నిద్ది. దగ్గరికెల్లినోడి పళ్లు రాలగొట్టిద్ది."

"మన మిషనుకు ఇప్పలేదు అత్తయ్యా."

తిరపతమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి వసారాలోకి వచ్చింది. నా వీపు తడిమింది. ఎర్ర టోపీల మీద గోరుతో కొట్టింది. "ఇయ్యా? లారీ కట్లా? ఇయ్యి ఇప్పొద్దన్నది ఎవురే?"

కోడలు హాల్లో వేలాడుతున్న మొగుడి చొక్కా వైపు చూసింది.

"వాడా," అంది ముసలావిడ. "ఆ స్కూటరు డిక్కీలో పానా ఉంటది, పట్రా."

పానా వచ్చింది. హైమ కుడి చెయ్యి పనికి రాలేదు, ఎడమ చెయ్యి చాల్లేదు. తిరపతమ్మ పాత బోరింగు గొట్టం ముక్క తెచ్చి, పిడి పొడుగయ్యేలా పానాకు తొడిగించింది. తను నన్ను గోడకు అదిమి పట్టుకుంది. తిట్లు మాత్రం కొడుక్కే. మొదటి బోల్టు కిర్రుమని తిరిగింది. ఒక్కొక్కటే బయటికి వచ్చింది, ఒక్కోటీ జానెడు పొడుగు. నాలుగోది ఊడినప్పుడు నా కడుపులో డొల్ల ఒక్కసారి వదులై ఊగింది. నేను పుట్టాక మొదటిసారి.

వసారా నేల నీళ్లు పోవడానికి పల్లంగా ఉంటుంది. హైమ నా నెత్తి మీద గిన్నె నిండా నీళ్లు పెట్టింది. నీళ్లు ఒక వైపు ఒలికితే ఆ వైపు కాలు పానాతో పెంచింది, ఒలకడం ఆగాక మరలు బిగించింది. అత్తగారి బొంత ఒక్కదాన్నే వేస్తే తడిసి ఒక పక్కకే ముద్ద కడుతుందని తీసేసి, చీరలూ తువ్వాళ్లూ కలిపి వేసింది.

యలమందరావు వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చేసరికి నేను పిండుతున్నాను. అలవాటు చొప్పున పేపరు తీసుకుని ఎక్కబోయి ఆగిపోయాడు. నెత్తిన రాయి లేదు. అరచెయ్యి ఆనించి చూశాడు.

"పనిచేయట్లేదా?"

"పనిచేస్తుంది," అంది హైమ. గొంతు పెంచలేదు కానీ నాలాంటివాడికే భయమేసింది. "గేదెను కొనుక్కొచ్చి, లారీ పలుపులు ఇప్పకుండానే పాలు పిండారు మీరు. తన్నిందని పైనెక్కి కూర్చున్నారు. ఇయ్యాల అమ్మబోతన్నారు."

"కంపెనీ వాడు చెప్పాలి గదా," అన్నాడు.

"గేటు తీస్తేగదరా చెప్పేది," అంది తల్లి. వ్యాపారి వైపు తిరిగి, మజ్జిగ తాగి పొమ్మంది.

నా కోపం తీరిందనుకోకండి. అన్నాళ్లు కట్లతో తిరిగినందుకు లోపలి బేరింగు అరిగింది. పిండేటప్పుడు ఇప్పటికీ గొంతులో ఓ గురక. అది ఇక పోదు. ఆ బోల్టులను మాత్రం యలమందరావు కవర్లో చుట్టి బీరువాలో దాచాడు. ఇల్లు మారితే మళ్లీ కావాలి కనుక ఆ ఒక్క దాచుకోవడాన్ని నేను క్షమిస్తాను.

ఇప్పటికీ నా గురక వినగానే ఆయన పేపరుతో వసారాలోకి వస్తాడు. ఎక్కడానికి లేదు, పోవడానికి మనసు రాదు, అక్కడే నిలబడతాడు. నేను ఆగగానే హైమ నా తలుపు తీసి, తడి బట్టల బకెట్టు ఎడమ చేత్తో ఆయన ముందుకు జరుపుతుంది.

"కూర్చోవద్దు," అంటుంది, "ఆరేయండి."