మంఖాల్ చేరిన నీలం రేకులు

ఫోను మోగేసరికి శ్రీలత చేతులు చపాతీ పిండిలో ఉన్నాయి. వేలి చివరతో బటన్ నొక్కి, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"మేడమ్, బీమా ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. ఇంటితో పాటు మీ షెడ్డు కూడా పాలసీలో చేరే ఉంది. మావాళ్లే సరిగ్గా చూడలేదు. రేపు సర్వేయర్ గారు వస్తారు. ఆయన నంబరు మెసేజ్ పెడతాం. కూలినవి కూలినట్టే ఉంచండి, ఏదీ కదపకండి."

షెడ్డుకూ బీమా ఉందనగానే ఆమెకు అక్కడే గంతులేయాలనిపించింది. పెళ్లయిన కొత్తలో మనిషికి గంతులేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు. చాయ్ బాగా కుదిరినా చాలు. కానీ ఆఖరి ముక్క చెవిన పడేటప్పటికి చూపు కిటికీలోంచి వాకిట్లోకి పోయింది. ఊడ్చి, చల్లి, ముగ్గేసిన వాకిలి. ఒక్క రేకు లేదు.

ఎయిర్‌పోర్టు దగ్గరి సాతంరాయిలో ఆ ఇంటిని ఆమె భర్త మల్లేశ్వర్ బ్యాంకు లోనుతో కొన్నాడు. బీమా ఆ లోనుతో పాటే వచ్చింది. పెళ్లయ్యాక భార్య ట్యూషన్ చెప్పుకోవడానికి ఇంటి ముందు గోడకు ఆనించి పైపులు నిలబెట్టి, నీలం రేకులు వేయించి, ఆ సంగతి కంపెనీకి చెప్పి బీమాలో చేర్పించాడు కూడా. విమానం మీదుగా పోయినప్పుడల్లా ఆ రేకులు జుమ్మని మోగేవి. పిల్లలంతా ఎక్కాలు ఆపి పైకి చూసేవాళ్లు, వాళ్లతో పాటు టీచరమ్మ కూడా.

ఎండాకాలం చివర్లో వచ్చిన గాలిదుమారం షెడ్డును వాకిట్లో పడుకోబెట్టింది. ఎయిర్‌పోర్టు కార్గోలో రాత్రి డ్యూటీ దిగిన మల్లేశ్వర్ నిద్ర మానుకుని బీమా ఆఫీసు చుట్టూ తిరిగాడు. పోయిన ప్రతిసారీ ఒకే జవాబు: బీమా ఇంటికే, బయట వేసుకున్నదానికి కాదు. చివరికి ఒక అర్జీ పడేసి వచ్చి, బూట్లతోనే మంచమ్మీద వాలిపోయాడు. ఇంక రాదని అందరూ అనుకున్నారు. కొత్త కోడలున్న ఇంటి ముందు విరిగినవి ఉండొద్దని అత్త రేణుకమ్మ, మంఖాల్‌లో ఉన్న తమ్ముడు కుర్మయ్యను పిలిచి రేకులన్నీ ట్రాలీ ఆటోలో ఎక్కించింది. ఇప్పుడవి ఆయన బర్రెల కొట్టం మీద ఉన్నాయి.

అప్పట్నుంచి ట్యూషన్ హాల్లోకి వచ్చింది. పగటిపూట నిద్రపోవాల్సిన మల్లేశ్వర్, పిల్లల గొంతుల మధ్య దిండు చెవులకు నొక్కుకుని పడుకుంటున్నాడు. ఆయన కళ్ల కింద నలుపు చూడలేక, షెడ్డు మళ్లీ లేవకపోతే ఈ నెలాఖరుకు ట్యూషన్ ఆపేస్తానని శ్రీలత చెప్పేసింది. చెప్పిన రోజు వంటింట్లో కాసేపు ఏడ్చింది కూడా.

"ఏందే పిల్లా, గట్ల నిలవడ్డవ్? ఎవలన్న పోయిండ్రా ఏంది?" రేణుకమ్మ అడిగింది.

"ఎవలు పోలే అత్తమ్మా. రేకులు పోయినయ్." సంగతంతా చెప్పింది.

డ్యూటీకి తయారవుతున్న మల్లేశ్వర్ మంచమ్మీద కూలబడ్డాడు. "ఇగ అయిపాయె. అమ్మా, జర మామకు ఫోన్ చెయ్యి, వాపస్ తెమ్మను."

"నీకేమన్న తెలివుందారా? తల్లిగారింటికి ఇచ్చింది వాపస్ అడుగుతరా? వాని పెండ్లాం నన్ను ఊరంత ఏకుతది. బర్రెలు సుత నవ్వుతయ్."

"అట్లయితే గగన్‌పహాడ్‌ల పాత సామాన్ల దుకాణముంది. వంగిన రేకులు తెచ్చి వాకిట్ల పడేస్త. ఎవనికెరుక?"

"నాకెరుక," అంది శ్రీలత. "పిల్లలకెరుక. అబద్ధం జెప్పి కట్టిన షెడ్డు కింద కూసోని వాళ్లకేం జెప్పాలె?"

"నీకు నా నిద్ర ఎరుకలేదు," అన్నాడతను. కోపంగా కాదు, ఓపిక లేక.

ఇంటి మీదుగా విమానం పోయింది. వాకిట్లో ఏదీ మోగలేదు.

శ్రీలత చేతులు కడుక్కుని, మెసేజ్‌లో వచ్చిన సర్వేయర్ నంబరుకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"బర్రెల కొట్టం మీదనా అమ్మా?" అవతలి గొంతులో కూడా ఎన్నో ఇళ్లు తిరిగిన అలసట ఉంది. "పైపులన్నా ఉన్నాయా?"

"విరిగిన మొదళ్లు గోడకే ఉన్నాయి సార్."

"గాలికి పడ్డవి చూసి చూసి విసుగొచ్చింది. పడ్డాక లేచి నిలబడ్డ రేకుల్ని మాత్రం ఎక్కడా చూడలేదు. ముందు మీ ఇల్లు, తర్వాత మంఖాల్. మొదళ్లకూ రేకులకూ పొంతన కుదిరితే అవి మీ షెడ్డువేనని రాస్తాను. చూడకుండా ఏ మాటా ఇవ్వలేను."

ఫోన్ పెట్టేసి చూస్తే మల్లేశ్వర్ కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు. చేతిలో ఒక సాక్సు, కాలికి ఒకటి. ఇంత పరేషాన్‌లో కూడా ఆమెకు నవ్వొచ్చింది. వంగి ఆ రెండోది తొడిగింది.

రేణుకమ్మ గోడకు చేరగిలబడింది.

"అడుగుడు వద్దు, ఊడవీకుడు వద్దు. ఉత్తగ సూపెట్టి వద్దాం. రేపు నేను పొద్దుగాలనే లేసి సర్వపిండి చేస్త, తల్లిగారింటికి ఉట్టి చేతులతోని పోను. వీడు డ్యూటీ దిగి రాంగనే సారుకు ఈడ పైపులు సూపెట్టి, ఆయనను తీస్కొని అందరం మంఖాల్ పోదాం. కొట్టం కాడ నువ్వు మాట్లాడు బిడ్డా, బర్రెను నేను పట్టుకుంట."