ప్రాసెసర్ మార్చిన రోజు

అచ్చు ప్రెస్సు నడిపే ఆయనకీ ఆయన బావమరిదికీ పడదు. ఎందుకు పడదో ఇద్దర్లో ఎవరినడిగినా చెప్పలేరు. మధ్యలో నలిగేది ఆవిడ. ఒకరికి భార్య, ఒకరికి అక్క. అమ్మా నాన్నా పోయాక పుట్టింటి వైపు ఆవిడకి మిగిలింది ఆ తమ్ముడొక్కడే. కంప్యూటర్లు బాగుచేయడం అతని పని. ప్రెస్సులో కంప్యూటర్ నత్తలా నడుస్తోందని ఆయన విసుక్కుంటుంటే, ఇదే సందని ఆవిడ తమ్ముణ్ణి పిలిపించింది. ఈ వంకనైనా గుమ్మం తొక్కుతాడని ఆశ.

పొద్దున వచ్చాడు. పాత ప్రాసెసర్ తీసి కొత్తది పెట్టాడు. దాని మీద ఫ్యాను బిగించాడు. కంప్యూటర్ ఆన్ చేసి, "చూడు బావా, ర్యామ్‌ముక్కలు నాలుగూ చూపిస్తోంది. మెమరీ మొత్తం ముప్పైరెండు జీబీ," అన్నాడు. ఆయన తల ఊపాడు. అంతకంటే ఎక్కువ ఆయన ఎవరికీ ఊపడు. భోజనానికి ఉండమంది అక్క. ఇంకో చోట పని చూసుకుని మధ్యాహ్నానికి వస్తానని సంచి తగిలించుకుని వెళ్లాడు.

అతను వెళ్లాక ఆయన కంప్యూటర్ ఆపి, ఫ్యానుని వేలితో కదిపి చూశాడు. కాస్త కదిలింది. ముప్పై ఏళ్లు అచ్చు యంత్రాలు బిగించిన చెయ్యి అది. వదులుగా ఉన్నదేదైనా కనిపిస్తే ఊరుకోదు.

"వీడి పనే ఇంత. చేతిలో సత్తువ లేదు," అని పొడుగు స్క్రూడ్రైవర్ తెచ్చాడు. ఆవిడ టార్చి పట్టుకుంది. ఒక మూల స్క్రూ కిర్రుమనేదాకా తిప్పి, అప్పుడు రెండో మూలకి వెళ్లాడు.

మళ్లీ ఆన్ చేస్తే పదహారు జీబీయే చూపించింది. అచ్చుకి వచ్చిన బొమ్మల పుస్తకం ఫైలు ఒకటి తెరవబోతే సగంలో ఆగిపోయింది. ఆ పుస్తకం ప్రూఫుల కోసమే కూర్చున్న మాస్టారు గడియారం చూసుకున్నాడు.

మధ్యాహ్నం బావమరిది గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన లేచాడు.

"మిగతా సగం ఏదిరా?"

"ఏ సగం బావా?"

"నాటకాలాడకు. ర్యామ్‌ముక్కలు లెక్కకి నాలుగూ ఉన్నాయిలే. మంచివి రెండు లాగేసి, చచ్చినవి రెండు పెట్టావు. సంచి ఇటియ్యి."

"అడిగితే నేనే చూపిస్తాను కదా."

ఆయన అడగలేదు. సంచి లాక్కుని బల్ల మీద బోర్లించాడు. స్క్రూడ్రైవర్లు, వైర్లు, బ్రష్షు, కాగితంలో చుట్టిన రొట్టె. మాస్టారు పేపర్లో తల దూర్చాడు. ఆవిడ తలుపు గడియ పట్టుకుని నిలబడింది. తమ్ముడు ఒకసారి అటు చూశాడు. ఆవిడ ఏమీ అనలేదు.

సంచిలో ర్యామ్ అన్నది లేదు.

"బయట అమ్ముకుని వచ్చుంటావు," అన్నాడు ఆయన.

అతను కంప్యూటర్ మూత తీశాడు. కింద కూర్చుని నాలుగు ముక్కలూ పీకి ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఈ వైపు స్లాట్లలో నాలుగూ పనిచేశాయి. ఆ వైపు స్లాట్లలో ఒక్కటీ పనిచేయలేదు.

"ముక్కలు మంచివే మాస్టారూ, చూడండి," అన్నాడు. బావతో అనలేదు.

ఫ్యాను విప్పబోతే స్క్రూ కదల్లేదు. బలమంతా పెట్టి తిప్పాల్సొచ్చింది. ప్రాసెసర్ తీసి, కింద పిన్నులు లైటు వేసి చూశాడు. ఏదీ వంగలేదు. మళ్లీ కూర్చోబెట్టి, మీద వేడి లాగే పేస్టు తుడిచి కొత్తది రాసి, ఎదురెదురు మూలలు చూసుకుంటూ స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించాడు. నాలుగు ముక్కలూ పెట్టి ఆన్ చేస్తే ముప్పైరెండూ వచ్చింది.

"ఒక పక్కకి లాగి బిగిస్తే ప్రాసెసర్ అవతలి పిన్నులకి సరిగా ఆనదు. ఆ వైపు ర్యామ్ కనపడదు. నేనిలా బిగించలేదు. ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరు ముట్టుకుంటారు? మాకింకేం పన్లేదా?" అన్నాడు ఆయన.

"మీరే ముట్టుకున్నారు. టార్చి పట్టింది నేను," అంది ఆవిడ.

ఆయన మొహం మాడిపోయింది. "ఏదో వదులుగా ఉందని... సరేలే, బాగయింది కదా. ఇంకా సాగదీస్తారేం? మాస్టారి పని చూడనీండి."

తమ్ముడు సామాన్లు సంచిలో వేసుకుంటున్నాడు. ఆవిడ వంగి సాయం చేయబోయింది.

"నేను వేసుకుంటాలే అక్కా."

"నిజం చెప్పాను కదరా."

"చెప్పావు. సంచి బోర్లించినప్పుడు చెప్పాల్సింది."

"స్క్రూ బిగిస్తే ర్యామ్ పోతుందని అప్పుడు నాకేం తెలుసు?"

"స్క్రూ సంగతి ఎవడడిగాడు? మా తమ్ముడు దొంగ కాదండీ అనడానికి స్క్రూల గురించి తెలియాలా?"

ఆవిడ బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. నిజానికి అప్పుడు ఆవిడకీ అనుమానం వచ్చింది. వచ్చిందని అతనికి ఇప్పుడు తెలిసిపోయింది.

"తిని వెళ్లరా. వండి పెట్టాను."

"ఆకల్లేదు."

చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. ఆవిడ వీధి మలుపు దాకా చూసింది. అతను వెనక్కి తిరగలేదు.

లోపల్నుంచి ఆయన కేకేశాడు. "ఇదిగో, చూశావా? వేలు పెడితే చాలు, పుస్తకమంతా తెరుచుకుంటోంది! మీవాడు పని బాగానే చేశాడోయ్. ఈసారి ప్రింటర్ కూడా చూపిద్దాం."

"ఇంకెవరినైనా వెతుక్కోండి," అంది ఆవిడ.