అస్సాం వేషం

ఆగస్టు పదిహేనుకి మా గణపవరం స్కూల్లో పిల్లలకి రాష్ట్రాల వేషాలు వేయించే పని ఏటా నా నెత్తినే పడుతుంది. పంజాబు తలపాగా, కేరళ చీర, అన్నీ ఏలూరులో అద్దెకు దొరికాయి. అస్సాం బట్టలు మాత్రం ఎంత తిరిగినా దొరకలేదు.

అప్పుడు మూడో తరగతి జూరి గుర్తొచ్చింది. వాళ్లమ్మ అణిమ అస్సాం నుంచి వచ్చి రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. అడగ్గానే పెట్టె అడుగు నుంచి తన పెళ్లినాటి పట్టుబట్టలు తీసి ఇచ్చింది. మేఖలా చాదర్ అంటారట, మన లంగావోణీ లాంటివే. "మా జూరికేనా అండీ?" అని అడగలేదు. అడగాల్సి ఉంటుందని ఆవిడకి తోచనే లేదు.

నేను చేసిన ఘనకార్యం వినండి. ఆ వేషం కరస్పాండెంటు ఫణీంద్రగారి మనవరాలు శ్రావ్యకిచ్చాను. జూరికి తెలుగు సరిగ్గా రాదులే, స్టేజీ మీద తడబడుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఉత్త అబద్ధం. ఆ పిల్ల నాలుగేళ్లుగా ఇక్కడే ఉంది. నాకంటే ఎక్కువ అండీలు పెట్టి మాట్లాడుతుంది.

"టీచర్‌గారూ, మరి నేను ఏ రాష్ట్రమండీ?" అని అడిగింది జూరి, పదిహేనో తేదీ పొద్దున.

"నువ్వు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టమ్మా," అన్నాను.

ఆ బట్టలు కట్టడం మాకెవరికీ రాదు. కూతురి వేషం చూడ్డానికి వచ్చిన అణిమనే పిలవాల్సి వచ్చింది. ఆవిడ శ్రావ్యని చూసింది, జూరిని చూసింది, నన్ను చూసింది. కింద కూర్చుని, ఒక్కో కుచ్చీ సర్ది పిన్నులు పెట్టింది. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. ఫణీంద్రగారు ఏమనుకుంటారోనని భయం.

శ్రావ్య మైకులో "మేమంతా ఒక్కటే" అంది. అందరితోపాటు జూరి కూడా చప్పట్లు కొట్టింది.

ఫణీంద్రగారు మురిసిపోతూ వచ్చారు. "అచ్చం అస్సాం పిల్లలాగే ఉందండీ మా శ్రావ్య. బట్టలు ఎక్కడివండీ, సరోజగారూ?"

అణిమ పక్కనే ఉంది. ఆవిడవని చెబితే, మరి ఆవిడ కూతురెందుకు కట్టుకోలేదంటారు.

"ఏలూరులో అద్దెకు తెచ్చామండీ," అనేశాను.

అన్నాక తల కొట్టేసినట్టయింది. అణిమకి తెలుగు బాగా తెలుసు.

"అమ్మా, అవి మనవే కదా?" అంది జూరి.

అణిమ వాళ్ల భాషలో మెల్లగా ఏదో చెప్పింది. పిల్ల తలూపింది. ఆవిడ ఏం చెప్పిందో నాకు అర్థం కాలేదు. అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.