పైకొచ్చినవా?

మా ఆఫీసులో సర్వర్‌లోకి లాగిన్ కావడాన్ని ‘దిగుడు’ అంటారు, లాగౌట్‌ను ‘పైకొచ్చుడు’. గోదావరిఖనిలో సగం మందిమి బొగ్గుబాయి కార్మికుల పిల్లలమే, ఆ మాటే నోటికి అలవాటైంది. పన్నెండేళ్ళుగా సాయంత్రం ఐదింటికి ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి, “సదానందం బావా, పైకొచ్చినవా?” అని అడగడం నా పని. అందరూ పైకొచ్చాకే సర్వర్‌ను ఆపి మళ్ళీ నడిపేదాన్ని. ఆ పది నిమిషాలు మా పెద్ద సారు అచ్యుతరావు కూడా నా మాట వినేవారు.

సర్వర్ చూసుకోవడానికి కొత్తగా వచ్చిన కృష్ణప్రియ ఉద్యోగంలో చేరిన నెలకే నా ఆ పని పోయింది. ఎవరు దిగారో, ఎవరు ఎంతసేపటి నుంచి ఊరికే కూర్చున్నారో సర్వరే చూసుకునే ఏర్పాటు చేసింది ఆ పిల్ల. ఊరికే ఉన్నవాళ్ళను అదే బయటికి పంపుతుంది. పైకొచ్చినవాళ్ళు వెనక వదిలేసిన పనుల్ని అదే ఆపేస్తుంది. సర్వర్ మొరాయించడం తగ్గింది. ఉపయోగమే, కాదనను. నాకు కడుపు మండింది, అదీ కాదనను.

“ఇగ నీకు తిరుగుడు బాధ తప్పింది యమునక్కా,” అన్నాడు అటెండరు ఆగయ్య సంతోషంగా.

“నీకేం తెల్సు? పోయి ఛాయ్ తే.”

నిన్న ఒక పని చేశాను. పన్నెండు వందల మంది డ్యూటీ చార్టు తయారవడానికి ఆరేడు గంటలు పడుతుంది. పొద్దున్నే సారుకు ఇవ్వాలి. సాయంత్రం దాన్ని మొదలుపెట్టి, కావాలనే లాగౌట్ చేసి ఇంటికి వెళ్ళాను. చార్టు సగంలో ఆగిపోతుంది, తప్పు కృష్ణప్రియ మీద పడుతుంది, నా సాయంత్రం ఐదింటి తిరుగుడు నాకు తిరిగొస్తుంది. అన్నం కూడా ఇష్టంగా తిన్నాను.

పొద్దున వచ్చేసరికి సారు బల్ల మీద చార్టు మొత్తం ఉంది.

“ఇదెట్లయింది? నేను పైకొచ్చిన గదా,” అన్నాను.

కృష్ణప్రియ కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. ‘పైకొచ్చినా పని ఆపకూడనివాళ్ళు’ అన్న జాబితాలో ఒక్కటే పేరు ఉంది, నాది.

“మొదటిరోజే రాశానక్కా,” అంది. “మిగతావాళ్ళు మర్చిపోయి వదిలేస్తారు. మీరు ఏదైనా వదిలారంటే కావాలనే వదిలుంటారు కదా.”

అవును, కావాలనే వదిలాను. అది సగంలో ఆగిపోవాలని. ఇంత నమ్మకం నేను ఒక్కరోజైనా ఆ పిల్ల మీద పెట్టలేదు. అందులోనూ నా కంటే తనే ముందుంది.